ఒకే టపా సంచి – పలు మొహరులు

ఉత్తరము వ్రాయుట ఒక కళ. వ్రాసిన ఉత్తరము చేరవలసిన వారికి చేరునట్లు చూచుట మరియొక విద్య. మొదటిదానిని గూర్చి సాహిత్య విద్యార్థులకు మనము తరగతి గదులలో ఎంతయో చెప్పుచుందుము. రెండవదానిని గూర్చి చెప్పువారు తక్కువ. ఇప్పుడు ప్రవేశపు నోటీసు, ఉపకార వేతనపు వర్తమానము, పరీక్ష రుసుము గడువు మొదలగునవి పెక్కు ఇ-మెయిలు మార్గముననే వచ్చుచున్నవి. అది చేరనిచో నష్టపోవునది కాగితము కాదు, ఒక విద్యార్థి సంవత్సరము. అందుచేత ఒకే మెయిల్ సర్వరు నుండి పలు సంస్థల పేర్లతో, అనగా పలు డొమైను పేర్లతో, ఉత్తరములు సక్రమముగా పంపు విధానమును ఈ వ్యాసమున వివరింప దలచితిమి. విషయము సాంకేతికమే అయినను, దీని మూలసూత్రములు మన కొండలలో టపా నడచిన తీరుననే ఉన్నవి.

ఉర్దూ, తెలుగు రెండును చదువు మన విద్యార్థులకు ఒక మాట ముందుగా చెప్పుట యుక్తము. తెలుగున టపా వ్యవహారమునకు సంబంధించిన మాటలు కొన్ని పారసీ, ఉర్దూల మార్గమున వచ్చినవే. చిరునామా అనునది 'సర్‌నామా', దస్కతు 'దస్త్‌ఖత్', మొహరు, రసీదు, జవాబు, హర్కారా – ఇవన్నియు ఆ కుటుంబపు మాటలే. విచిత్రమేమనగా, నేటి మెయిల్ సర్వరు అమరికలో మనము చేయవలసిన పనులకును ఈ మాటలే సరిపోవుచున్నవి. చిరునామా సరిగా ఉండవలెను, మొహరు పడవలెను, దస్కతు ఉండవలెను, చేరినదో లేదో జవాబు తెలియవలెను.

కొండలలో టపా

తూర్పు కనుమలలో బండి దారులు లేని కాలమున హర్కారాలు కాలినడకను టపా సంచులు మోసిరి. తరువాత ఘాటు రోడ్లు వచ్చినవి. కొత్తవలస – కిరండూలు రైలు మార్గము అరకు లోయ మీదుగా సాగినది. అయినను పల్లెలోని చిన్న టపా కచేరి పద్ధతి మారలేదు. బ్రాంచి పోస్టాఫీసు తన పేరున తేదీ మొహరు వేయును. కాని దాని సంచి నేరుగా దేశమంతయు తిరుగదు. దానికి పై కచేరి ఒకటి ఉండును. పలు బ్రాంచీల సంచులు ఆ కచేరికి చేరి, అచటినుండి ఒకే దారిన ముందునకు సాగును. మొహరులు పలు, దారి ఒకటి. ఒకే సర్వరు నుండి పలు డొమైనుల ఉత్తరములు పంపుట అనగా ఇదియే.

చిరునామా విషయమునను సామ్యము కలదు. 1972 ఆగస్టు 15న మన దేశమున పిన్ కోడు ప్రవేశపెట్టబడినది. అరకు లోయ పిన్ కోడు 531149, పాడేరుది 531024. మొదటి అంకె మండలమును, మొదటి మూడంకెలు కలిసి సార్టింగు జిల్లాను, చివరి మూడును బట్వాడా కచేరిని తెలుపును. పెద్దదానినుండి చిన్నదానికి వచ్చుట ఇచటి క్రమము. డొమైను పేరు కూడ ఇట్టి మెట్ల వరుసయే. అయితే అందు చిన్నది ఎడమను, పెద్దది కుడిని ఉండును. ఉర్దూ లిపి చదువువారు కుడినుండి మొదలిడినట్లు, డొమైను పేరును కుడినుండి చదివినచో దాని వంశవృక్షము తెలియును.

ఇ-మెయిలు నడక

1971లో రే టామ్లిన్సన్ ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు వర్తమానము పంపుచు, మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ 'ఎట్' గుర్తును ఉంచెను. 1982లో జాన్ పోస్టెల్ ఉత్తరములను ఒక సర్వరు మరియొక సర్వరునకు అందించు నియమావళిని ప్రకటించెను, దానినే ఎస్.ఎం.టి.పి. అందుము. 1983లో పాల్ మొకపెట్రిస్ డొమైను పేర్ల వ్యవస్థను, అనగా డి.ఎన్.ఎస్.ను, రూపొందించెను. ఇది పేరు చెప్పిన చోటు చూపు మహా పట్టిక వంటిది. 1986 నుండి ఫలానా డొమైనునకు వచ్చు ఉత్తరములను ఏ సర్వరు అందుకొనునో చెప్పు ఎం.ఎక్స్. పద్దు కూడ ఆ పట్టికలో చేరినది.

విద్యార్థులు ఇచట ఒక భేదమును గట్టిగా గుర్తుంచుకొనవలెను. ప్రతి ఇ-మెయిలునకు రెండు 'పంపినవారు' ఉందురు. కవరు మీది పేరు ఒకటి. లోపలి కాగితము తలపై వ్రాసిన పేరు మరియొకటి. కవరు మీది పేరును సర్వరులు మాత్రమే చూచును. ఉత్తరము బట్వాడా కానిచో ఆ చిరునామాకే తిరిగి వచ్చును. లోపలి పేరును చదువరి చూచును. ఈ రెండును ఒకటే కావలెనని 1982 నాటి నియమావళిలో నిర్బంధము లేదు. ఎవరైనను ఎవరి పేరునైనను వ్రాయవచ్చును. పరస్పర విశ్వాసముతో నడచిన చిన్న లోకమున అది చెల్లినది. నేటి లోకమున అదియే మోసగాండ్రకు ద్వారమైనది. ఇక చెప్పబోవు మూడు కట్టుబాట్లును ఆ ద్వారమునకు పెట్టిన గడియలే.

సర్వరుకు పేరొక్కటే

ఊహకొక ఉదాహరణ తీసికొందము. లోయలో ఒక కళాశాల, ఒక వసతి గృహము, ఒక కాఫీ రైతుల సంఘము కలవనుకొనుడు. మూడును కలిసి ఒకే సర్వరు పెట్టుకొనదలచినవి. వాటి డొమైనులు వరుసగా కళాశాల.ఉదాహరణ, వసతి.ఉదాహరణ, కాఫీ.ఉదాహరణ.

మూడు డొమైనులకు మూడు సర్వరులు, లేక మూడు ఐ.పి. చిరునామాలు కావలెనని పలువురు తలతురు. అక్కరలేదు. సర్వరునకు తనదైన పేరు ఒక్కటి చాలును – టపా.కళాశాల.ఉదాహరణ అనుకొందము. ఆ పేరు విషయమున మూడు సంగతులు ఏకీభవింపవలెను. మొదటిది, ఆ పేరు అడిగినచో డి.ఎన్.ఎస్. మన ఐ.పి. చిరునామాను చెప్పవలెను. రెండవది, ఆ ఐ.పి. చిరునామాను అడిగినచో తిరిగి అదే పేరు రావలెను. దీనిని వ్యతిరేక పద్దు లేక పి.టి.ఆర్. అందురు. మూడవది, సర్వరు ఎదుటి సర్వరును పలుకరించునపుడు తన పేరుగా దానినే చెప్పవలెను. వ్యతిరేక పద్దు మార్చు అధికారము డొమైను యజమానికి ఉండదు, ఐ.పి. చిరునామా ఇచ్చిన సంస్థకే ఉండును. కనుక వారినడిగి వ్రాయించుకొనవలెను. కాఫీ సంఘపు ఉత్తరమును కళాశాల పేరుగల సర్వరు మోసికొనిపోవుట తప్పు కాదు. పై కచేరి సంచిలో బ్రాంచి కచేరి ఉత్తరము ఉన్నంత మాత్రమున ఎవరును శంకింపరు గదా! సంకేతభాషలో పంపుటకు కావలసిన టి.ఎల్.ఎస్. ధ్రువపత్రము కూడ సర్వరు పేరున ఒకటి ఉన్న సాధారణముగా సరిపోవును.

అనుమతి పత్రము – ఎస్.పి.ఎఫ్.

సర్వరు పేరు ఒక్కటైనను, దానికి అనుమతి మాత్రము ప్రతి డొమైనును వేరువేరుగా ఇయ్యవలెను. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు వాడుటకు ఎవరికి హక్కు కలదో ఒక పట్టిక చెప్పును. పట్టికలో లేనివాడు ఆ పేరుతో అమ్మినచో అది చెల్లదు. ఎస్.పి.ఎఫ్. కూడ ఇట్టిదే. 'నా పేరున ఉత్తరములు పంపుటకు ఫలానా ఐ.పి. చిరునామాలకే హక్కు కలదు. మిగిలినవి నావి కావు' అని డొమైను యజమాని డి.ఎన్.ఎస్.లో బహిరంగముగా వ్రాసి ఉంచు పద్దు అది. 2006లో ప్రయోగరూపమున ప్రకటింపబడి, 2014లో ప్రమాణముగా స్థిరపడినది.

దీనియందు జాగ్రత్తలు మూడు. ఒక డొమైనునకు ఎస్.పి.ఎఫ్. పద్దు ఒకటే ఉండవలెను. రెండున్నచో రెండును చెల్లవు. అనుమతి పొందిన ఇతర సేవల పేర్లు చేర్చునపుడు డి.ఎన్.ఎస్.ను మరల అడుగవలసిన సందర్భములు పదికి మించరాదు. మూడవది మిక్కిలి ముఖ్యమైనది: ఎస్.పి.ఎఫ్. చూచునది కవరు మీది పేరునే కాని లోపలి పేరును కాదు. పలు డొమైనులు గల సర్వరులలో, అన్ని ఉత్తరముల కవరులపైనను సర్వరు పేరే పడునట్లు తెలియక అమర్చుట తరచు జరుగును. అప్పుడు పరీక్ష నెగ్గినది సర్వరు డొమైను. చదువరి చూచునది కాఫీ సంఘపు పేరు. ఆ నెగ్గుట వలన కాఫీ సంఘమునకు ఒరిగినదేమియు లేదు. కనుక ఏ సంస్థ ఉత్తరమునకు ఆ సంస్థ పేరే కవరుపై ఉండునట్లు చూడవలెను.

దస్కతు – డి.కె.ఐ.ఎం.

ఈ కొండలకు దస్కతు విలువ కొత్త కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడి చేసెను. ముందుగా వర్తమానము పంపి మరి దాడి చేయుట ఆయన రీతి యనియు, అట్టి వర్తమానమునకు 'మిరపకాయ టపా' యను పేరు కలదనియు ప్రసిద్ధి. తీసికొన్న ఆయుధముల లెక్క వ్రాసి, దానిపై సంతకము చేసి ఠాణాలో విడిచి వెళ్ళెనని కూడ చెప్పుకొందురు. పంపినవాడెవడో, చెప్పినదేమో సందేహమునకు తావులేకుండ చేయుటయే ఆ సంతకపు ప్రయోజనము.

డి.కె.ఐ.ఎం. ఈ పనినే గణితముతో చేయును. ప్రతి డొమైనునకు ఒక జంట తాళపు చెవులు తయారు చేయుదురు. రహస్యమైనది సర్వరులో ఉండును, బహిరంగమైనది డి.ఎన్.ఎస్.లో ఉంచబడును. ఉత్తరము బయలుదేరునపుడు సర్వరు దాని సారమును లెక్కకట్టి రహస్యపు చెవితో దస్కతు చేయును. అందుకొన్న సర్వరు బహిరంగపు చెవితో దానిని సరిచూచును. దారిలో దస్కతునకు లోబడిన భాగమున ఒక్క అక్షరము మారినను దస్కతు చెల్లదు.

పలు డొమైనుల సర్వరులో అసలు మెలకువ ఇచటనే కలదు. మూడు డొమైనులకు మూడు జంటలు చేయవలెను. ఏ డొమైను ఉత్తరమునకు ఏ చెవితో దస్కతు చేయవలెనో సర్వరునకు రెండు పట్టికలు ఇయ్యవలెను: చెవులు ఎచట ఉన్నవో చెప్పునది ఒకటి, పంపినవారి పేరును బట్టి ఏ చెవిని ఎన్నుకొనవలెనో చెప్పునది మరియొకటి. 1998లో వీట్స వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ సర్వరునకు ఓపెన్ డి.కె.ఐ.ఎం. జతచేసినచో ఈ పని జరుగును. ఆ రెండింటిని కీ టేబుల్, సైనింగ్ టేబుల్ అందురు. చెవి పొడవు 2048 బిట్లు ఉండుట మేలు. చెవికొక పేరు కూడ ఉండును గనుక, కొంతకాలమునకు పాతదానిని తీసి కొత్తది పెట్టుట సులభము. ఇంకొక లాభము గమనింపుడు: ఉత్తరమును ఒకరు మరియొకరికి యథాతథముగా మళ్ళించినపుడు ఐ.పి. మారును గనుక ఎస్.పి.ఎఫ్. విఫలమగును, దస్కతు మాత్రము నిలుచును. అందుచేత రెండును కావలెను.

ఏకవాక్యత – డి.మార్క్

అనుమతియు ఉన్నది, దస్కతును ఉన్నది. అయినను అవి చదువరి చూచు పేరుతో సరిపడుచున్నవా? ఈ ప్రశ్నకు సమాధానమే 2015లో ప్రకటింపబడిన డి.మార్క్. ఎస్.పి.ఎఫ్. గాని, డి.కె.ఐ.ఎం. గాని నెగ్గిన డొమైను, లోపలి పేరులోని డొమైనుతో ఏకీభవింపవలెనని అది కోరును. ఏకీభవింపనిచో ఏమి చేయవలెనో డొమైను యజమాని ముందే ప్రకటించును: ఊరక గమనింపుడు, లేక వేరుగా ఉంచుడు, లేక త్రిప్పి పంపుడు. మొదటినుండియే కఠినముగా ఉండరాదు. కొన్ని వారములు 'గమనింపుడు' అని ఉంచి, ఇతర సర్వరులు పంపు నివేదికలు చదివి, మన ఉత్తరములన్నియు నెగ్గుచున్నవని తెలిసిన పిమ్మట మెట్టుమెట్టుగా బిగింపవలెను.

ఇది ఐచ్ఛికమను కాలము గడచినది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు నియమములు కఠినతరము చేసినవి. జీమెయిల్ చిరునామాలకు పంపువారందరికి ఎస్.పి.ఎఫ్. లేక డి.కె.ఐ.ఎం. ఉండవలెను, వ్యతిరేక పద్దు సరిగా ఉండవలెను. దినమునకు 5000 మించి పంపువారికి మూడు కట్టుబాట్లును ఉండవలెను. అనవసరపు ఉత్తరములని చదువరులు చేయు ఫిర్యాదులు నూటికి 0.3 పాలు చేరకుండ చూచుకొనవలెను. మన చిన్న సంస్థలు 5000 పంపవు. అయినను మన విద్యార్థులలో పలువురి చిరునామాలు జీమెయిల్‌వే. గుర్తు తెలియని పేరున వచ్చిన ఉత్తరము చెత్త అరలో పడినచో, అనంతగిరి మండలపు పల్లెలో సిగ్నలు కొరకు గుట్ట ఎక్కి ఫోను చూచుకొను పిల్లవాడు ఆ అరను వెదకునా?

ఇంటి కట్టుబాట్లు

మూడు కుటుంబములు ఒక ఇంట కాపురము చేయునపుడు కట్టుబాట్లు తప్పవు. ఊరు పేరు తెలియనివారి ఉత్తరములను సర్వరు మోయరాదు. అట్లు మోయు సర్వరును 'ఓపెన్ రిలే' అందురు, అది శీఘ్రముగానే నల్లజాబితాలకెక్కును. ఉత్తరము పంపు ప్రతి ఉద్యోగియు తన పేరు, రహస్య పదము చెప్పి 587 లేక 465 సంఖ్య గల ద్వారముననే ప్రవేశింపవలెను. సర్వరుల నడుమ రాకపోకలకు మాత్రమే 25వ ద్వారము. ఇంతటితో చాలదు. వసతి గృహపు గుమాస్తా తన రహస్య పదముతో ప్రవేశించి కళాశాల ప్రిన్సిపాలు పేరున ఉత్తరము పంపలేకుండ, ఎవరికి ఏ పేరుపై హక్కు కలదో మరియొక పట్టిక అమర్చవలెను. ఇది లేనిచో లోపలివారి మోసమునకు సర్వరే దస్కతు చేసి ఇచ్చినట్లగును.

ఐ.పి. చిరునామా ఒక్కటే గనుక పరువు కూడ ఉమ్మడిదే. కాఫీ సంఘము కొన్న జాబితాకు వేలకొలది ప్రకటనలు పంపినచో, శిక్ష కళాశాల పరీక్ష నోటీసులకు పడును. కనుక ప్రకటనల వంటి ఉత్తరములు వేరొక సేవ ద్వారా, వేరొక ఉప డొమైను పేరున పంపుట మంచిది.

సర్వరు ఎచట ఉండవలెను?

కొండమీద విద్యుత్తు పోవును. వానకాలమున తీగలు తెగును. అదిగాక సాధారణ గృహ కనెక్షన్ల ఐ.పి. చిరునామాలు తరచు మారుచుండును; వాటినుండి వచ్చు ఉత్తరములను పెక్కు సర్వరులు అంగీకరింపవు. కనుక సర్వరును పట్టణములోని డేటా కేంద్రమున అద్దెకు తీసికొని, లోయనుండి దానిని వాడుకొనుటయే ఉచితము. లేదా లోయలో చిన్న సర్వరు ఉంచి, దాని ఉత్తరములన్నిటిని ఒక రిలే సేవకు అప్పగింపవచ్చును. అప్పుడు ఆ సేవ పేరును మూడు డొమైనుల ఎస్.పి.ఎఫ్.లలోను చేర్చవలెను.

ఆలస్యమునకు మాత్రము భయపడనక్కరలేదు. వాగు పొంగినచో హర్కారా గట్టున నిలిచి, తగ్గిన పిమ్మట దాటెడివాడు. సంచిని పారవేసెడివాడు కాదు. ఎస్.ఎం.టి.పి. స్వభావమును అదియే. ఎదుటి సర్వరు 4తో మొదలగు సంఖ్య చెప్పినచో 'ఇప్పుడు కాదు, మరల రమ్ము' అని అర్థము; 5తో మొదలైనచో 'ఇక రావలదు' అని. మొదటి సందర్భమున ఉత్తరము వరుసలో నిలిచి మరల మరల ప్రయత్నించును. పోస్ట్‌ఫిక్స్ సహజముగా 5 దినములు వేచి, అప్పటికిని చేరనిచో పంపినవారికి తెలియజేయును. ఆ తిరుగు టపాను చదువు మనిషి ఒకడు ప్రతి సంస్థలోను ఉండవలెను.

అమరిక ముగిసిన తరువాత పరీక్ష సులభము. ప్రతి డొమైను నుండి మన సొంత జీమెయిల్ చిరునామాకు ఒక ఉత్తరము పంపి, దాని పూర్తి శీర్షికను తెరచి, 'ఆథెంటికేషన్ రిజల్ట్స్' అను పంక్తిని చూడవలెను. మూడు పరీక్షలకును 'పాస్' అని ఉన్నచో పని నెగ్గినట్లు. ఒక డొమైను నెగ్గినది గదా యని మిగిలినవి విడువరాదు. ప్రతి డొమైనునకు వేరుగా చూడవలెను.

మన భాషల చిరునామాలు

తెలుగు లిపిలోను, ఉర్దూ లిపిలోను 'భారత్' అను కొసతో డొమైను పేర్లు నేడు కలవు. చిరునామా మొత్తమును మన లిపిలో వ్రాయుటకు వీలు కల్పించు ప్రమాణములు 2012లో వెలువడినవి. అయితే పంపువారి సర్వరు, అందుకొనువారి సర్వరు రెండును ఆ పద్ధతి తెలిసినవి కావలెను. కనుక మాతృభాషా చిరునామాతో పాటు ఆంగ్ల లిపి చిరునామా కూడ ఒకటి ఉంచి, రెండింటి ఉత్తరములు ఒకే పెట్టెలో పడునట్లు చేయుట నేటికి వివేకము. మన భాషలు వెనుకబడినవని కాదు. దారి పూర్తిగా పడువరకు కాలిబాటను మూయరాదని మా భావము.

కమిటీ వారికి విన్నపము

ఈ పనికి కావలసిన ఉపకరణములు చాలవరకు ఉచితముగా లభించును. వ్యయమగునది సర్వరు అద్దె, డొమైను రుసుము మాత్రమే. అసలు కావలసినది క్రమశిక్షణ. డొమైను పేరు ఒక ఉద్యోగి పేరున గాక సంస్థ పేరుననే నమోదు కావలెను. రుసుము గడువు తేదీ కార్యాలయపు రిజిస్టరులో ఉండవలెను. గడువు దాటి ఆ పేరు పరుల చేతికి పోయినచో మన దస్కతు చేయు హక్కు వారిదగును. రహస్యపు చెవులు, రహస్య పదములు ఇద్దరు బాధ్యుల వద్ద భద్రముగా ఉండి, ఒకరు వెడలినపుడు మార్చబడవలెను. కళాశాల ముద్ర ఎవరి బీరువాలో ఉన్నదో విచారించు కమిటీ, ఈ ముద్ర ఎచట ఉన్నదో కూడ విచారింపవలెను.

ఇందలి నష్టమెట్టిదో ఆలోచింపుడు. కళాశాల పేరున దొంగ ఉత్తరము వచ్చి 'ప్రవేశ రుసుము ఈ ఖాతాలో కట్టుడు' అన్నచో, కాఫీ పండు అమ్మి కూడబెట్టిన తండ్రి దానిని నమ్మును; ఏలయనగా పైన ఉన్నది మన పేరు. నిజమైన ఉత్తరము చేరకపోవుట ఒక నష్టము. దొంగ ఉత్తరము చేరుట అంతకు మించిన నష్టము. రెండింటికిని మందు ఒకటే. విద్యార్థులు ఈ విద్యను నేర్చి, తమ గ్రామపు సంఘమునకు, పాఠశాలకు ఈ మూడు గడియలు పెట్టి చూపుదురు గాక. ఒకే సంచిలో ఎన్ని మొహరుల ఉత్తరములు సాగినను, ప్రతి మొహరు నిజమైనదిగా ఉండుటయే టపా ధర్మము.